ఒక్కసారికి ఒక్క మార్పు

డిసెంబర్ 31 సాయంత్రం మిర్యాలగూడలోనైనా, కోదాడలోనైనా, సూర్యాపేటలోనైనా బేకరీల ముందు ఒకటే హడావుడి. రోడ్డు మీదికి షామియానా, దాని కింద బల్లలు, బల్లల మీద అట్టపెట్టెల్లో వరసగా కూల్ కేకులు. వెనిలా, పైనాపిల్, బటర్‌స్కాచ్, బ్లాక్ ఫారెస్ట్. జనం వస్తారు, ఓ పెట్టె ఎత్తి బండి మీద పెట్టుకుంటారు, పోతారు. కొన్నిచోట్ల కేకు కొంటే కూల్‌డ్రింక్ సీసా ఫ్రీ.

వాడపల్లిలో ఇంట్లోనే చిన్న ఓవెన్ పెట్టుకుని కేకులు చేసే అమ్మాయి ఈ షామియానాతో పోటీ పడగలదా? పడలేదు. అసలు పడకూడదు. బేకరీవాళ్లు మైదా బస్తాల్లో కొంటారు, ఆమె కిలోల్లో కొంటుంది. వాళ్ల ఓవెన్‌లో ఒక్క విడతకు డజన్ల కేకులు పడతాయి, ఆమె ఓవెన్‌లో ఒక్కటి పడుతుంది. వాళ్లు చేసేదే ఆమె కూడా చేస్తే, వాళ్లకంటే ఎక్కువ ధరకు వాళ్ల సరుకే అమ్మినట్టు అవుతుంది. అలా చేసి రెండేళ్లకే ఓవెన్‌ను అటక మీదికి ఎక్కించిన ఇళ్లు బోలెడు.

ఈ మాటలు ముఖ్యంగా ఆ అమ్మాయి కోసం. కేకుల జోలికి పోనివాళ్లు కూడా చదవొచ్చు. కుట్టుమిషనో, పచ్చళ్లో, ట్యూషనో, ఇంటి నుంచి ఏ పని మొదలుపెట్టినా చిక్కులు ఇంచుమించు ఇవే.

ముందు మీ చుట్టూ ఏముందో చూసుకోండి. మూసీ వచ్చి కృష్ణలో కలిసే ఊరు మీది. అగస్త్యేశ్వరుడి గుడికి, లక్ష్మీనరసింహస్వామి గుడికి కార్తీకంలో, శివరాత్రికి జనం తరలివస్తారు. వంతెన దాటితే అవతల పల్నాడు. ఇటు సాగర్ ఎడమ కాలువ కింద వరి, ఆ వడ్లన్నీ ఆడే మిర్యాలగూడ రైస్‌మిల్లులు. నల్లగొండ అనగానే గుర్తొచ్చే బత్తాయి ఉండనే ఉంది. బియ్యప్పిండి, బెల్లం, నువ్వులు, నెయ్యి మీ అమ్మమ్మ చేతిలో ఆడిన సరుకులు. బ్లూబెర్రీ ఫిల్లింగ్ డబ్బా కోసం హైదరాబాద్‌కు ఆర్డర్ పెట్టే ముందు, బత్తాయి తొక్కను సన్నగా తురిమి ఒక్కసారి కేకు పిండిలో కలిపి చూశారా? పైన పసుపుపచ్చ పొర వరకే తురమాలి, తెల్ల భాగం చేదు. ఆ ఘుమఘుమ ఏ ఎసెన్స్ సీసాలోనూ దొరకదు.

దొరికినదాంతో చేయడం చేతకానితనం కాదు. మన దేశంలో క్రిస్మస్ కేకు చరిత్ర మొదలైందే అలా అంటారు. 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబల్లి బాపు అనే ఆయన బిస్కెట్ల బట్టీ నడిపేవాడు. దాల్చినచెక్క తోటల దొర మర్డాక్ బ్రౌన్ ఇంగ్లండు నుంచి వచ్చిన కేకు ఒకటి చూపించి, ఇలాంటిది చేయగలవా అని అడిగాడట. బాపు అంతకుముందు కేకు చేసినవాడు కాదు. అచ్చును కమ్మరి దగ్గర చేయించుకున్నాడు. ఫ్రెంచి బ్రాందీ వేయమని దొర చెబితే, బాపు జీడిమామిడి పండు, అక్కడి అరటిపండు పులియబెట్టిన సారా వేశాడని చెబుతారు. దొర తిని మెచ్చుకున్నాడు. తలశ్శేరి ఈ రోజుకీ ఆ కేకు పేరు చెప్పుకుంటోంది. బ్రాందీ దొరికేదాకా ఆగుదామని బాపు అనుకుని ఉంటే, మనకు ఈ కథే ఉండేది కాదు.

ఇక్కడో చిన్న పిట్టకథ. తెలుగునాట ఇంకో వాడపల్లి కూడా ఉంది. కోనసీమలో, ఆత్రేయపురం మండలంలో, వేంకటేశ్వరస్వామి వాడపల్లి. ఆ మండలం పేరు చెబితే నోరూరేది పూతరేకులకు. వాటికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట, పలచని బియ్యపు జావలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి లాగితే రేకు. ఆ పని ఇళ్లలో ఆడవాళ్లే చేస్తారు. ముందు పంచదార, నెయ్యి. తర్వాత బెల్లం వచ్చింది. ఆ తర్వాత జీడిపప్పు, బాదం, ఇప్పుడు చాక్లెట్ కూడా. ఇన్ని మారినా రేకు మారలేదు. కుండా మారలేదు. లోపల పెట్టేది మాత్రం ఒక్కొక్కటిగా మారుతూ వచ్చింది. ప్రయోగం ఎలా చేయాలో తెలుసుకోవడానికి ఏ కోర్సుకూ డబ్బు కట్టక్కర్లేదు, ఆ రేకు విప్పి చూస్తే చాలు.

ఒక్కసారికి ఒక్క మార్పు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దీన్ని ఎలా పాటించాలన్నదే.

సంక్రాంతికి అరిసె రుచితో కేకు చేయాలనుకున్నారనుకోండి. బెల్లం, బియ్యప్పిండి, నెయ్యి, నువ్వులు అన్నీ ఒకేరోజు గిన్నెలో పడేస్తే వచ్చేది కేకు కాదు, ఇటుక. ఇటుక వచ్చినందుకు బాధ లేదు. ఎందుకు వచ్చిందో తెలియకపోవడమే బాధ. నలుగురు అనుమానితులను ఒకేసారి ఇంట్లోకి రానిచ్చి, తర్వాత దొంగ ఎవరని వెతికితే ఎలా?

అందుకని మీకు బాగా చేయి తిరిగిన కేకుతో మొదలుపెట్టండి. చాలామంది ఇళ్లలో చేసే పెరుగు కేకే తీసుకుందాం. ఒకటిన్నర కప్పు మైదా, కప్పు పెరుగు, ముప్పావు కప్పు పంచదార, అర కప్పు నూనె, చెంచాపైన కొంచెం బేకింగ్ పౌడర్, అర చెంచా వంటసోడా. 180 డిగ్రీల దగ్గర ముప్పావు గంటలోపు అయిపోతుంది.

మొదటి వారం పంచదార తీసి బెల్లం పొడి వేయండి. ఇంకేమీ ముట్టుకోవద్దు. బెల్లాన్ని పెరుగులో కరగనిచ్చి వడకట్టాలి, లేకపోతే పంటికింద ఇసుక తగులుతుంది. పైభాగం తొందరగా నల్లబడటం చూస్తారు, రాసుకోండి. ఈసారి మంట పదీ ఇరవై డిగ్రీలు తగ్గించాలన్నమాట.

రెండో వారం మైదాలో పావు వంతు తీసి బియ్యప్పిండి వేయండి. ముక్క కోస్తే పొడిపొడిగా రాలుతుంది, నాలుకకు గరగరలాడుతుంది. రాలడం ఎందుకంటే, గోధుమలో ఉండే సాగే గుణం బియ్యానికి లేదు. గరుకు ఎందుకంటే, పొడి పిండికి నానే సమయం చాలలేదు. అరిసెలకు బియ్యం రాత్రంతా నానబెట్టి తడిపిండి కొట్టించడం మనకు తెలిసిందే. ఇక్కడా అదే సూత్రం. బియ్యప్పిండిని పెరుగులో అరగంట నాననివ్వండి. అయితే సోడా కూడా వేసేసి అరగంట పక్కన పెట్టారా, పెరుగు పులుపుకు సోడా అప్పటికప్పుడే పొంగి చల్లబడిపోతుంది, కేకు లేవదు. కనుక పిండి ముందు నానాలి, సోడా చివర పడాలి, పడిన వెంటనే ఓవెన్‌లోకి వెళ్లాలి. ఈ వరస ఏ వీడియోలోనూ మీకు ఇంత గట్టిగా ఎక్కదు. మీ గిన్నెలో చూస్తేనే ఎక్కుతుంది.

మూడో వారం నూనె బదులు నెయ్యి. వాసనకు వీధి వీధంతా తొంగిచూస్తుంది. తెల్లారి చూస్తే కేకు గట్టిగా ఉంటుంది, చలికి నెయ్యి పేరుకుంటుంది మరి. సగం నెయ్యి, సగం నూనె వేస్తే వాసనా ఉంటుంది, మెత్తదనమూ ఉంటుంది. ఆ తర్వాత పైన నువ్వులు చల్లడం. అంటే సంక్రాంతి కేకు మీద పని కార్తీకంలోనే మొదలవ్వాలి. పండగకు రెండు రోజుల ముందు మొదలుపెట్టేదాన్ని ప్రయోగం అనరు, జూదం అంటారు.

నూనె సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకరి గురించి. అమెరికాలో హ్యారీ బేకర్ అని ఒక బీమా ఏజెంటు. ఇంటి దగ్గరే కేకులు కాల్చి హాలీవుడ్‌లోని బ్రౌన్ డెర్బీ హోటల్‌కు అమ్మేవాడు. 1927లో అతను చేసిన కేకు దూదిలా ఉండేది, రహస్యం ఎవరికీ చెప్పలేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 1947లో జనరల్ మిల్స్ కంపెనీకి అమ్మాడు. అప్పుడు బయటపడింది, వెన్న బదులు నూనె వాడాడని. షిఫాన్ కేకు అదే. ఇరవై ఏళ్లపాటు దాచుకోదగ్గ రహస్యం మన పొయ్యి పక్కన డబ్బాలోనే ఉంటుంది, మనం దాన్ని మిరపకాయ బజ్జీలకు వాడతాం!

నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. ఫోన్‌లో కాదు, కాగితం మీద. పిండి చేతులతో ఫోన్ ముట్టుకోబుద్ధి కాదు, తర్వాత రాద్దామనుకుంటే మరచిపోతాం. తేదీ, మార్చింది ఏమిటి, పెరుగు ఎంత పులిసింది, ఎంతసేపు కాలింది, మధ్యలో కరెంటు పోయిందా. ఇంతే చాలు. ఎండాకాలం పెరుగు సాయంత్రానికే పులుస్తుంది, ఆ పులుపుకు సోడా పనితీరు మారుతుంది. జనవరిలో అమరిన కేకు మేలో ఎందుకు తేడా కొట్టిందో ఈ పుస్తకమే చెప్పాలి. మేలో ఇంకో మాట కూడా రాసుకోండి: క్రీమ్ కేకు వద్దు. నల్లగొండ జిల్లా ఎండకు అది దామరచర్ల దాటేలోపే పక్కకు జారుతుంది. ఎండలు తగ్గేదాకా టీ కేకులు, బిస్కెట్లు చేసుకోండి. ఎండతో పోట్లాడి గెలిచినవాళ్లు లేరు.

ఇప్పుడు మనుషుల సంగతి. పిండి కంటే వీళ్లు కష్టం.

"అక్కా, కేకు గావాలె. పొల్లగాని పుట్టినరోజు."

"ఎప్పటికమ్మా?"

"రేపు పొద్దుగాల్లకే. గుడ్డెయ్యకు, మా అత్తమ్మ తినది. గని గుడ్డేసినట్టే గుల్లగ రావాలె."

ఇలాంటి ఫోన్ రాగానే "సరే" అనేస్తాం. ఆర్డర్ పోతుందేమోనని భయం, ఊళ్లో మాట పోతుందేమోనని మొహమాటం. చెప్పాల్సిన జవాబు ఇది: "రేపు పొద్దుగాల్లకు గాదమ్మా, ఎల్లుండికైతే ఇస్త. గుడ్డు లేకుంట చేస్త, మెత్తగుంటది. గుడ్డేసినంత గుల్లగ మాత్రం రాదు." పది ఫోన్లలో ఇద్దరు ముగ్గురు పోతారు, పోనివ్వండి. ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి ఉంటారు.

గుడ్డు విషయంలో అసలు అబద్ధం పనికిరాదు. గుడ్డు వేసిన గిన్నె, గరిటె కడిగి అదే రోజు గుడ్డు లేని కేకుకు వాడతారా? వాడితే అడిగినవాళ్లకు ఆ మాట చెప్పండి. చెప్పడానికి ఇబ్బందిగా ఉంటే రెండు జతల గిన్నెలు పెట్టుకోండి. కార్తీకమాసంలో గుడ్డు ముట్టని ఇళ్లు ఎన్నో, మీ మాట నమ్మి ఒక పెద్దావిడ నోట్లో ముక్క పెట్టుకుంటుంది. ఆ నమ్మకం ముందు కేకు రుచి ఏపాటిది?

గుడ్డు లేకుండా చేయమని అడగ్గానే విసుక్కునేవాళ్లు ఆల్ఫ్రెడ్ బర్డ్‌ను తలచుకోవాలి. బర్మింగ్‌హామ్‌లో మందుల షాపతను. భార్యకు గుడ్డు పడేది కాదు, బ్రెడ్డు పొంగించే ఈస్టూ పడేది కాదు. ఆమె కోసం 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడి చేశాడు, 1843లో బేకింగ్ పౌడర్ చేశాడు. ఈ రోజు మనం చెంచా కొలిచి వేసే బేకింగ్ పౌడర్ వెనక ఒక ఇల్లాలి పథ్యం ఉంది. "మా అత్తమ్మ తినది" అన్న మాటలో చిరాకు వినిపిస్తే చిరాకే మిగులుతుంది. అందులో పని వినిపించినవాడు బేకింగ్ పౌడర్ చేశాడు.

ఇంట్లోవాళ్ల తీర్పును నమ్మకండి. భర్త, పిల్లలు, ఆడబిడ్డ అందరూ "బాగుంది" అనే అంటారు. అనకపోతే రాత్రి కూర ఏమవుతుందో వాళ్లకు తెలుసు. నోటి మాట వినకుండా ప్లేటు చూడండి. రెండో ముక్క కోసం చెయ్యి వచ్చిందా లేదా? పక్కింటికి పంపిన డబ్బా ఖాళీగా తిరిగొచ్చిందా, ఇంకేమైనా చేస్తే పంపమనే మాటతో వచ్చిందా? ఇవే మార్కులు. ఇక విమర్శించేవాళ్లలో రెండు రకాలు. "తీపెక్కువైంది" అన్నవాళ్లకు టీ ఇచ్చి కూర్చోబెట్టండి, ఇంకో రెండు మాటలు రాబట్టండి. "మాకు తెల్వదా, బేకరీల 300కే వస్తది" అన్నవాళ్లకు నవ్వి నమస్కారం పెట్టండి. వాళ్లది రుచి గురించిన మాట కాదు.

ధర గురించి నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది. ఇంటి నుంచి పనిచేసే ఆడవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. మైదా, నెయ్యి, బెల్లం, పెట్టె, కింద పెట్టే అట్ట అన్నీ లెక్క వేస్తారు. కరెంటూ వేస్తారు. 1500 వాట్ల ఓవెన్ గంటసేపు నడిస్తే ఒకటిన్నర యూనిట్‌కు మించదు, అదేమంత భారం కాదు. వేయనిది ఒక్కటే, తమ గంటలు. "ఇంట్లోనే ఉంటాను కదా" అంటారు. వాడపల్లి చుట్టుపక్కల పత్తి ఏరడానికి వెళ్లేవాళ్లు సంచి భుజాన వేసుకోకముందే కూలి మాట్లాడుకుంటారు. నాలుగు గంటలు నిలబడి కేకు చేసి, క్రీమ్ అద్ది, పేరు రాసి, బండి మీద మిర్యాలగూడ దాకా పంపే మనిషి తన కూలి అడగడానికి సిగ్గుపడటమేమిటి? ముందు మీ గంటకు ఒక ధర కట్టండి, తర్వాతే కేకుకు కట్టండి. ఆ ధరకు కొనేవాళ్లు లేరంటే, చేయాల్సింది తగ్గించడం కాదు. ఆ ధర పలికే వస్తువు చేయడం. అరిసె కేకుకు, బత్తాయి కేకుకు బజార్లో పోల్చి చూపించే ధర లేదు. షామియానా కింద అవి దొరకవు.

31వ తేదీ లెక్క కూడా ఒకసారి వేసుకోండి. కేకు కాలడానికి ముప్పావు గంట, ఓవెన్ మళ్లీ వేడెక్కడానికి, అచ్చు మార్చడానికి పావు గంట. ఆరు గంటల్లో ఆరు కేకులు. క్రీమ్ పూయాలంటే ముందు కేకు బాగా చల్లారాలి. వేడి మీద పూస్తే క్రీమ్ నీరు కారుతుంది. అయినా సరే ఇరవై ఆర్డర్లు రాసుకుంటాం, రాత్రి 11 గంటలకు ఏడుస్తాం. ఆరు రాసుకోండి. ఏడోవాళ్లకు జనవరి 2న ఇస్తానని చెప్పండి. కొత్త సంవత్సరం ఎక్కడికీ పారిపోదు.

కాగితాల పని కూడా ఉంది, దాన్ని వాయిదా వేయకండి. ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదు కావాలి. 2011 నిబంధనల్లో ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు వ్యాపారానికి లైసెన్సు కాకుండా రిజిస్ట్రేషన్ చాలన్నారు, రుసుము ఏడాదికి 100 రూపాయలు. ఇప్పటి పరిమితులు, రుసుములు ఆ సంస్థ ఫోస్కోస్ పోర్టల్‌లో చూసుకుని అక్కడే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెట్టె మీద 14 అంకెల రిజిస్ట్రేషన్ నంబరు, గుడ్డు లేనిదైతే ఆకుపచ్చ గుర్తు, గుడ్డు వేసినదైతే గోధుమరంగు గుర్తు. ఆ పెట్టె చేతిలోకి తీసుకున్నవాళ్లు మిమ్మల్ని చూసే తీరే మారుతుంది. మిమ్మల్ని మీరు చూసుకునే తీరు అంతకంటే ఎక్కువ మారుతుంది.

పాడైన కేకును ఏం చేయాలి? పారేయకండి. పొంగి పగిలిన పైభాగాలు, క్రీమ్ కోసం చదును చేస్తూ కోసేసిన ముక్కలు ఒక డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. సద్దుల బతుకమ్మకు రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపి మలీద ముద్దలు చేస్తాం కదా, అదే చేతితో ఈ ముక్కలు నలపండి. కొంచెం నెయ్యి, వేయించిన నువ్వులు, చాలకపోతే బెల్లం. పట్నం బేకరీల్లో ఇలాంటివే పుల్లకు గుచ్చి, చాక్లెట్‌లో ముంచి కేక్ పాప్ అని అమ్ముతారు. మీరు పుల్ల లేకుండా, మలీద అనే పేరుతోనే అమ్మండి.

ఇలా ఇంటి రుచులతో ప్రయోగాలు మొదలుపెట్టడానికి బతుకమ్మ పండగ కంటే మంచి అదను లేదు. తొమ్మిది రోజులు, రోజుకో నైవేద్యం. ఒకరోజు అటుకులు, ఒకరోజు నానబియ్యం, ఒకరోజు అట్లు. ఎనిమిదో రోజు వెన్నముద్దల బతుకమ్మకు వెన్న, నువ్వులు, బెల్లం. పిండి ఒక్కటి చేరిస్తే అది బిస్కెట్ కొలతే. నైవేద్యం మాత్రం అమ్మ చేసినట్టే చేయండి, ప్రయోగాలన్నీ వచ్చినవాళ్లకు పెట్టే పలారంలోనే. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆనాడు నైవేద్యం ఉండదు. ఆ రోజు మీ ఓవెన్‌కూ సెలవివ్వండి, ఫోన్ చేసినవాళ్లకు ఆ మాటే చెప్పండి.